ముందు అడిగినవాడు

మెంఫిస్ విమానాశ్రయంలో సరుకుల విమానాలు ఆగే వైపు, పైలట్లు వచ్చి కూర్చునే గదిలో, క్లియోఫస్ యార్బ్రో గొంతు పెంచి తగవాడింది ఒక్కసారే. ఆ తగవు గెలిచాడు. ఓడిపోయింది అతని కన్నకూతురు.

ఓజెల్లా ఆ పూట కాఫీ బల్ల దగ్గరే ఉంది. ఉండక ఎక్కడికి పోతుంది? ఆ గదిలో కాఫీ కాచేదీ, బల్లలు తుడిచేదీ, బల్ల మీద బూట్లు పెట్టిన కెప్టెన్ల చేత కాళ్ళు దింపించేదీ ఆమే. మిసిసిపీలో పత్తి ఏరడానికని నాలుగో తరగతిలో ఇంట్లోవాళ్ళు బడి మాన్పించిన మనిషి. చదువు లేదు కదా అని ఆమెతో చులకనగా మాట్లాడినవాడు రెండోసారి ఆమె చేతి కాఫీ తాగింది లేదు. భుజాన నాలుగు చారలున్న కెప్టెన్లు కూడా మిస్ ఓజెల్లా అనే పిలిచేవారు.

థాంక్స్‌గివింగ్ పండగ ముందు రోజు అది. టికెట్ల విమానాల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో చెల్లెలింటికి వెళ్ళిన క్లియోఫస్ భార్య వర్నీటా అక్కడ వంటింట్లోనే పడిపోయిందనీ, ఆసుపత్రిలో ఉందనీ, తొందరగా రమ్మనీ కబురొచ్చింది. ఓక్లండ్ వెళ్ళే సరుకుల విమానం మధ్యాహ్నం ఒకటుంది. అందులో పైలట్ల వెనకాల రెండు మడత కుర్చీలుంటాయి, జంప్‌సీటు అంటారు. ఒకటి అప్పటికే కంపెనీ మెకానిక్‌కి పోయింది. ఇంకొకటి మిగిలింది.

ఆ సీటుకు టికెట్టు ఉండదు. ఏ కంపెనీ పైలటైనా సొంత పని మీద దాంట్లో కూర్చుని వెళ్ళొచ్చు. అయితే కంప్యూటర్లో పేరు ఎక్కించుకున్నంత మాత్రాన సీటు నాదే అనుకోకూడదు. ఆ విమానం కెప్టెన్ ఎదుటికి పోయి, నిలబడి, తన నోటితో, మీతో రావచ్చా కెప్టెన్ అని అడగాలి. ఇంకొకరి చేత అడిగించడం మర్యాద కాదు. ఇద్దరు వస్తే ముందు అడిగినవాళ్ళదే సీటు.

క్లియోఫస్ కూడా పైలటే. ముందు వచ్చాడు, ముందు అడిగాడు. టెక్సాస్ నుంచి వచ్చిన ఆ మీసాల కెప్టెన్ రమ్మన్నాడు. ఆ తర్వాత అతని కూతురు జెనీవా పరుగున వచ్చింది. అప్పటికి ఆ పిల్ల ఏదో చిన్న కంపెనీలో చిన్న విమానాలు నడుపుతోంది. అప్పుడే దిగినట్టుంది, టోపీ చేతిలో ఉంది, ఊపిరి అందడం లేదు. కెప్టెన్ దగ్గరికే నేరుగా పోయి పద్ధతిగా అడిగింది. ఆయన ఇబ్బందిగా తండ్రి వైపు చూపించి, మీ నాన్న ముందడిగాడమ్మా, మీరిద్దరూ తేల్చుకోండి, ఎవరొచ్చినా నాకు అభ్యంతరం లేదు అన్నాడు.

"నాన్నా, నన్ను వెళ్ళనియ్యి."

"నేను ముందు అడిగాను."

"అమ్మ నాకోసం చూస్తూ ఉంటుంది నాన్నా."

"అది నా భార్య, జెనీవా."

"నాకు అమ్మ. నీకు కావాలంటే ఇంకో పెళ్ళాం దొరుకుతుంది. నాకు అమ్మ ఎక్కడ దొరుకుతుంది?"

గదిలో ఉన్న పైలట్లందరూ ఉన్నట్టుండి తమ కాగితాలు చదువుకోవడం మొదలుపెట్టారు. క్లియోఫస్ ముఖం ఎండిన మట్టిలా అయిపోయింది. నేను ముందు అడిగాను అని మళ్ళీ అన్నాడు. ఈసారి గొంతు గది గోడలకు తగిలింది. ఆ పిల్ల కెప్టెన్ వైపు తిరిగితే, ఆయన కిటికీలోంచి వాతావరణం చూస్తున్నాడు. ధర్మం చెప్పాలంటే క్లియోఫస్‌దే న్యాయం. ఆ గదిలో ఎవర్ని అడిగినా అదే చెబుతారు. అతడు సంచీ భుజాన వేసుకుని, కూతురి పక్కనుంచే నడిచి, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఓజెల్లా ఒక కుర్చీ లాగి జెనీవాను కూర్చోబెట్టి, చేతిలో కాఫీ పెట్టింది. ఆ పిల్ల తాగలేదు. మర్నాడు పొద్దున్న ఇంకో సరుకుల విమానంలో సీటు దొరికి వెళ్ళింది. అప్పటికి వర్నీటా పోయింది.

వర్నీటాది ఓజెల్లా చర్చే. ఆదివారం తెల్ల చేతితొడుగులు వేసుకుని, గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే పని ఆమెది. ఆలస్యంగా వచ్చినవాళ్ళను కళ్ళతోనే వెనక బెంచీకి తోలేది. ఆమె అంత్యక్రియల రోజున ఓజెల్లా చిలగడదుంపలతో ‘పై’ అనే తీపి వంటకం చేసి తీసుకెళ్ళి, ముందు వరసలో తండ్రీకూతుళ్ళను చూసింది. నడవాకు ఈ పక్క ఆయన, ఆ పక్క ఆమె. శవపేటిక మధ్యలో. ఆ తర్వాత ఆ ఇద్దరూ ఒక చోట కూర్చోవడం ఓజెల్లా చూడలేదు.

ఈ క్లియోఫస్ ఎలాంటివాడు అని అడిగితే ఒక్క మాటలో చెప్పడం కష్టం. మెంఫిస్‌లో నల్లవాళ్ళ పేట ఆరెంజ్ మౌండ్‌లో పుట్టి పెరిగాడు. వాళ్ళ నాన్న రైలు పెట్టెల్లో దొరలకు పక్కలు పరిచే పని చేసేవాడు. ఇంటికి రావాలంటే సామాన్ల పెట్టెలో, మూటల మధ్య చోటడిగి కూర్చుని వచ్చేవాడట. కొడుకు సైన్యంలో చేరి విమానం నడపడం నేర్చుకుని, పెద్ద ప్రయాణికుల కంపెనీలో పైలటయ్యాడు. ఉద్యోగం న్యూఆర్క్ నుంచి. ఇల్లు మెంఫిస్‌లోనే, ఎందుకంటే వర్నీటా చర్చి వదిలి రానంది. అందుకని పెళ్ళైన నాటి నుంచీ ఉద్యోగానికి పోవడానికీ ఇంటికి రావడానికీ సరుకుల విమానాల్లో, పైలట్ల వీపులు చూస్తూ, మోకాళ్ళు ముడుచుకుని తిరిగాడు. అతని నాన్న మూటల మధ్య తిరిగినట్టే కదా అని ఓజెల్లా ఒకసారి అంటే, కాదు మిస్ ఓజెల్లా, మా నాన్నకి కిటికీ ఉండేది కాదు అన్నాడు. నవ్వాడో లేదో తెలియదు. ఆ మనిషి నవ్వు మీసం దాటి వచ్చేది కాదు.

అడగడంలో మాత్రం అతన్ని మించినవాడు లేడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, కెప్టెన్ కాగితాల పని పూర్తయ్యేదాకా దూరంగా నిలబడి, అప్పుడు ముందుకు వచ్చేవాడు. అడిగేటప్పుడు సంచీ నేల మీద ఉండాలి. భుజాన సంచీ వేలాడుతూ అడిగితే, సీటు ఇచ్చేసినట్టే అనుకుంటున్నామని కెప్టెన్‌కి అనిపిస్తుందట. పైలట్లకని బెల్లప్పాకంలో వేయించిన పీకన్ పప్పుల పొట్లం తెచ్చేవాడు. దిగేటప్పుడు దుప్పటి మడతపెట్టి, కెప్టెన్‌కి చెయ్యి కలిపి మరీ దిగేవాడు. జెనీవాకు ఇదంతా ఆరేళ్ళప్పుడే నేర్పాడు. వంటింట్లో కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేసి, వర్నీటాను కెప్టెన్ని చేసి, పిల్ల చేత రావచ్చా కెప్టెన్ అని అడిగించేవాడట. వర్నీటా ఆ సంగతి చర్చి మెట్ల మీద అభినయించి చెబితే ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు.

ఆ పండగ ముందు రోజు తర్వాత ఓజెల్లా అతనికి కూజా అడుగు కాఫీయే పోసింది. ఏళ్ళ తరబడి అడుగు కాఫీయే. అతడికి తెలుసు. తాగి, థాంక్యూ మిస్ ఓజెల్లా అని కప్పు చెత్తబుట్టలో వేసి పోయేవాడు. పైలట్లలో కొంటెవాళ్ళు అతనికి ముందడిగిన క్లీ అని పేరు పెట్టారు. సీటు కోసం ఇద్దరు పోటీ పడ్డప్పుడల్లా, ఆగండి, ముందడిగిన క్లీ వస్తున్నాడేమో చూడండి అని వెటకారం. అతని చెవిన పడే ఉంటుంది. పడనట్టే కాఫీలో పంచదార కలుపుకునేవాడు.

జెనీవా కొన్నాళ్ళకు చిన్న కంపెనీ వదిలి ఈ సరుకుల కంపెనీలోనే చేరింది. ఒకే గదిలోకి తండ్రీ కూతురూ వేరువేరు పూటల్లో వస్తూ పోతూ ఉండేవారు. తల్లి పోలికే. పొడుగు, నిటారు నడక, ఎదుటివాణ్ణి కళ్ళతోనే వెనక బెంచీకి తోలే చూపు. ఓజెల్లాను చూస్తే మాత్రం మెత్తబడేది. కాఫీ బల్లకి ఆనుకుని నిలబడి, మిస్ ఓజెల్లా, మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి అని అడిగేది. తండ్రి ఊసు ఎత్తితే కప్పు దించి విమానానికి టైమైంది అనేది. చూస్తుండగానే నాలుగో చార వచ్చింది, కెప్టెనైంది.

అక్కడినుంచే క్లియోఫస్ అవస్థ మొదలైంది. గోడ మీది తెర మీద ఏ విమానానికి ఎవరు కెప్టెనో పేర్లు పడతాయి. న్యూఆర్క్ విమానం పక్కన యార్బ్రో అని కనబడిందంటే అతనికి కడుపునొప్పి వచ్చేది, లేదా బూటు కరిచేది, లేదా ఎవడో కుర్రవాడికి పాపం తొందరట అని తన వంతు ఇచ్చేసేవాడు. ఆ కంపెనీలో ఉన్న కెప్టెన్లందరితోనూ ప్రయాణం చేశాడు. ముసలివాళ్ళతో, మొరటువాళ్ళతో, దారంతా పాటలు పాడేవాళ్ళతో. కన్నకూతురితో తప్ప.

ఒకసారి మాత్రం తప్పించుకోలేకపోయాడు. ఆ రోజు విమానం మిన్నసోటా నుంచి వచ్చిన ఒక కెప్టెన్‌ది. క్లియోఫస్ పద్ధతిగా అడిగి, ఎక్కి, బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంతలో ఆ కెప్టెన్‌కి ముక్కులోంచి రక్తం కారడం మొదలై ఆగలేదు. ఆయన్ని దింపి, అవసరానికి సిద్ధంగా ఉంచిన ఇంకో కెప్టెన్ని పిలిపించారు. ఆ వచ్చింది జెనీవా.

కెప్టెన్ మారితే, పాత కెప్టెన్ ఇచ్చిన మాట ఆయనతోనే దిగిపోతుంది. కొత్త కెప్టెన్ని మళ్ళీ అడగాల్సిందే. ఇది ఆ వృత్తిలో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. అందులో క్లియోఫస్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ విమానంలో కో-పైలట్ డెస్మండ్ అనే వాగుడుకాయ. ఏ సంగతైనా వాడి నోట్లో నానేది కాదు కాబట్టి తర్వాత ఓజెల్లాకు అంతా తెలిసింది. జెనీవా లోపలికి వచ్చి, సంచీ పెట్టి, వెనక్కి చూడకుండా డెస్మండ్‌తో అందట, సీట్లో ఎవరో ఉన్నట్టున్నారు, నన్ను ఎవరూ అడగలేదే అని. క్లియోఫస్ నోరు తెరిచాడట, మూశాడట. బెల్టు విప్పుకుని మెట్లు దిగి వచ్చేశాడు.

మళ్ళీ గదిలోకి వచ్చిన మనిషిని చూసి, ఏమైంది, నీ విమానానికి చక్రాలు లేవా అంది ఓజెల్లా. అతడు కిటికీ పక్క కుర్చీలో కూలబడ్డాడు. గదిలో ఇంకెవరూ లేరు. బయట ఆ విమానం కదిలి వెళ్ళిపోయేదాకా చూశాడు. అప్పుడు, ఆ కిటికీతో మాట్లాడుతున్నట్టుగా మొదలుపెట్టాడు.

"ఆ రోజు నేను వెళ్ళేసరికి వర్నీటా తెలివిలోనే ఉంది, మిస్ ఓజెల్లా. నన్ను చూసింది. చూసి, నా వెనక ఎవరొస్తున్నారా అని తలుపు వైపు చూసింది. పాప ఏది అంది. దారిలో ఉంది, వచ్చేస్తోంది అన్నాను. సాయంత్రం దాకా ఆ తలుపే చూసింది. చీకటి పడే వేళకి కళ్ళు సరిగ్గా ఆనడం మానేశాయి. ఒక నర్సు వచ్చింది, పొడుగ్గా, జెనీవా అంత ఉంటుంది. వర్నీటా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, వచ్చావా అంది. ఆ నర్సు నాకేసి చూసింది. నేను తలూపాను. వచ్చానమ్మా అంది ఆ పిల్ల. ఆ చెయ్యి పట్టుకునే పోయింది."

ఓజెల్లా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. గుమ్మం దగ్గర తెల్ల చేతితొడుగులతో నిలబడే వర్నీటా కళ్ళకు కట్టింది.

"ఇది ఆ పిల్లకి తెలుసా?"

"లేదు. సుఖంగా పోయింది, నిద్రలో పోయింది అని చెప్పాను. అది నమ్మలేదు. నిజం చెబితే ఏమంటుందో నాకు తెలుసు. ఆ చెయ్యి నాది కావాల్సింది అంటుంది. అవును, దానిదే కావాల్సింది." ఆమె వైపు తిరిగాడు. "మీరు చెప్పండి మిస్ ఓజెల్లా. మీరంటే దానికి గౌరవం. మీరు చెబితే వింటుంది."

ఓజెల్లాకు అప్పటిదాకా కలిగిన జాలి అంతా ఆ ఒక్క మాటతో చల్లారిపోయింది.

"నేను కాఫీ మోస్తాను, క్లియోఫస్. కబుర్లు మొయ్యను. ఇన్నేళ్ళూ నీ నోట్లో ఉన్నదాన్ని ఇప్పుడు నా నోట్లో పెట్టి పంపుతావా? ఎవడైనా తన సీటు ఇంకొకడి చేత అడిగిస్తే వాడి వైపు ఎలా చూసేవాడివో నేను చూడలేదనుకున్నావా?"

అతడు తల దించుకున్నాడు. ఫోను చేస్తే ఎత్తదనీ, ఇంటికి పోతే కారు వాకిట్లోనే ఉన్నా తలుపు తియ్యదనీ, క్రిస్మస్‌కి పంపిన పెట్టె విప్పకుండానే తిరిగి వచ్చిందనీ ఒక్కొక్కటే చెప్పుకున్నాడు. ఇక మిగిలింది ఒకటే. అడగడానికి వచ్చిన పైలట్ మాట వినకుండా ఏ కెప్టెనూ మొహం తిప్పుకుని పోడు. ఇస్తాడా ఇవ్వడా అన్నది వేరు, వినక తప్పదు. తన కూతురు ఆ మర్యాద తప్పే మనిషి కాదు, ఎందుకంటే అది తను నేర్పిందే. ఆమె ఎదుట నిలబడి నోరు తెరిచే హక్కు ఈ భూమ్మీద తనకున్నది అక్కడొక్కచోటే. అదైనా ఎంతకాలం? వచ్చే నెలలో అరవై అయిదు నిండుతాయి. అరవై అయిదు నిండిన పైలట్‌కి కంపెనీలు విమానం ఇవ్వవు. ఉద్యోగంతోపాటు ఆ మడత కుర్చీ కూడా పోతుంది. ఆ తర్వాత టికెట్టు కొనుక్కుని, పిల్లల ఏడుపుల మధ్య కూర్చుని వెళ్ళే మామూలు మనిషి. మామూలు మనిషిని సరుకుల విమానం కెప్టెన్ వినాల్సిన పని లేదు.

"మరి ఇంత తెలిసినవాడివి ఇక్కడ కూర్చుని నా కుర్చీ ఎందుకు అరగదీస్తున్నావు?" అంది ఓజెల్లా.

"కాదంటుందేమోనని."

"అంటుంది. కాదనడానికైనా నీ మొహం చూడాలిగా."

ఆ పూట అతనికి కొత్త కాఫీ కాచి పోసింది. ఎందుకు పోసిందో ఆమెనే అడగాలి. అడుగు కాఫీ అయిపోయింది కాబట్టి అంటుంది.

ఆ నెలంతా క్లియోఫస్ పని లేకపోయినా ఆ గదికి వచ్చాడు. తెర మీద కూతురి పేరు వెతుక్కున్నాడు. అదేం చిత్రమో, తప్పించుకోవాలనుకున్నన్నాళ్ళూ ప్రతి విమానం పక్కనా ఉన్న ఆ పేరు, కావాలనుకున్నాక మాయమైంది. ఆమెను రెండు వారాలు విదేశాల వైపు వేశారు. వచ్చాక సెలవులో పోయింది. ఒక రోజు పేరు కనబడింది గానీ, పిడుగులతో కూడిన గాలివాన పట్టి విమానాలన్నీ నేల మీదే ఆగిపోయాయి, జెనీవా గదికి రాకుండా విమానంలోనే కూర్చుంది. క్లియోఫస్ ఇస్త్రీ బట్టల్లో వచ్చి, నలిగిన బట్టల్లో తిరిగి వెళ్ళేవాడు. డెస్మండ్ ఒకరోజు, ఏం కెప్టెన్, న్యూఆర్క్ అటు కదా, ఇటు చూస్తున్నారేమిటి అని వేళాకోళం చేస్తే, ఓజెల్లా వాడి చేతిలోని కప్పు లాక్కుని, వాగుడుకి ఇక్కడ కాఫీ లేదు పో అంది.

చివరికి పుట్టినరోజుకి ముందు రోజు వచ్చింది. మధ్యాహ్నం, స్పోకేన్ విమానం, కెప్టెన్ యార్బ్రో. స్పోకేన్‌లో అతనికి పనేమీ లేదు. బంధువులు లేరు. ఆ ఊరు ఎటు ఉంటుందో ఓజెల్లాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అతడు టోపీతో సహా పూర్తి యూనిఫారం వేసుకుని వచ్చాడు. సొంత పని మీద వెళ్ళేవాళ్ళు ఎవరూ అలా రారు. బూట్లు మెరుస్తున్నాయి. గెడ్డం కింద గీసుకునేటప్పుడు కోసుకున్నట్టుంది, చిన్న కాగితం ముక్క అంటించుకుని మరిచిపోయాడు. ఓజెల్లా అతని దగ్గరికి పోయి దాన్ని తీసేసింది.

ఆ రోజు ఏమైందని ఇప్పటికీ ఆ గదిలో అడుగుతారు. ఎక్కాడా అంటే ఎక్కాడు. స్పోకేన్ దాకా కూతురి వీపు వెనక కూర్చునే వెళ్ళాడు. ఆ విమానంలో కూడా డెస్మండే కో-పైలట్, దేవుడు ఓజెల్లా కోసమే వాణ్ణి అక్కడ కూర్చోబెట్టాడు. వాడు చెప్పిందాన్ని బట్టి, దారిలో వాళ్ళిద్దరూ పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. ఆరెంజ్ మౌండ్‌లో ఇంటి కప్పు కారుతోందని ఆయన అంటే, రేకు మార్చాలా, పెంకులా అని ఆమె అడిగిందట. కొండల మీద వెళ్ళేటప్పుడు, వెనక్కి తిరక్కుండానే, తన చీజు శాండ్‌విచ్‌లో సగం భుజం మీంచి వెనక్కి చాపిందట. ఆయన అందుకుని తిన్నాడట. దిగేటప్పుడు అందరు కెప్టెన్లకు కలిపినట్టే ఆమెకీ చెయ్యి కలిపాడట. ఆమె ఆ చెయ్యి కాసేపటిదాకా వదల్లేదు, నేను వాతావరణం కాగితం చూస్తున్నట్టు నటించాను మిస్ ఓజెల్లా అన్నాడు వాడు. వాడు కూడా ఒక్కోసారి మనిషే.

మర్నాడు క్లియోఫస్‌కి అరవై అయిదు నిండాయి. మధ్య సీటు టికెట్టు కొనుక్కుని, అటు ఒక లావుపాటి మనిషికీ ఇటు కిటికీకి తల ఆనించి గురక పెట్టే మనిషికీ నడుమ ఇరుక్కుని మెంఫిస్ వచ్చాడు. ఇప్పుడు చర్చిలో గుమ్మం దగ్గర అతనే నిలబడుతున్నాడు. ఆదివారాలు కూతురు ఫోను చేస్తుంది. ఎక్కువసేపు మాట్లాడదు. ఈస్టర్‌కి వచ్చి, తండ్రి పక్కన కాదు గానీ, ఆయన వెనక బెంచీలో కూర్చుంది. అన్నీ సర్దుకున్నాయని ఓజెల్లా అనదు. తల్లి చివరి సాయంత్రం ఎవరి చెయ్యో పట్టుకుందన్న మాట విన్న పిల్లకి అన్నీ ఎప్పటికి సర్దుకుంటాయి?

విన్నట్టే లెక్క, ఎందుకంటే విమానంలో తల్లి ఊసే రాలేదని డెస్మండ్ ఒట్టు పెట్టి చెబుతున్నాడు. అంటే చెప్పేదంతా ఎక్కే ముందు, ఇక్కడే, ఈ గదిలోనే అయి ఉండాలి. సీటు అడిగే మాటా, తల్లి మాటా ఒకదాని వెంట ఒకటి వచ్చాయా, ఏది ముందు వచ్చింది, ఆ పిల్ల ఏమంది, ఏడ్చిందా, ఎవరు ముందు తేరుకున్నారు అని అడుగుతారు. పక్కనే ఉన్నారు కదా మిస్ ఓజెల్లా, చెప్పరా అంటారు. ఆమె పక్కన లేదు.

ఉండాలనే అనుకుంది. జెనీవా వచ్చి కాగితాలు చూసుకోవడం మొదలుపెట్టగానే, ఓజెల్లా ఆ పక్క బల్ల తుడవడం మొదలుపెట్టింది. ఆ బల్ల అంతకుముందే తుడిచింది. మళ్ళీ తుడిచింది. వర్నీటా స్నేహితురాలిగా వినే హక్కు తనకుందని ఆమె నమ్మకం. జెనీవా డెస్మండ్‌ని విమానం చుట్టూ తిరిగి చూసి రమ్మని పంపింది. క్లియోఫస్ లేచాడు. సంచీ నేల మీద పెట్టాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కూతురు కాగితాల పని పూర్తి చేసి, పెన్ను మూత పెట్టి, తల ఎత్తింది. తల ఎత్తి, చూపు తిప్పుకోకుండా, అడగడానికి వచ్చిన మనిషి మాట వినడానికి ఎలా నిలబడాలో అలా నిలబడింది.

అతడు నోరు తెరిచి, ఆగాడు. ఓజెల్లా వైపు తిరిగాడు. ఆ గదిలోంచి ఆమెను బయటికి పొమ్మన్న మగాడు గానీ ఆడది గానీ అప్పటిదాకా పుట్టలేదు. పెద్ద మేనేజర్లు మీటింగు పెట్టుకున్నా ఆమె తన గుడ్డతో అక్కడే ఉండేది.

"మిస్ ఓజెల్లా," అన్నాడు. "మీరు కాసేపు బయటికెళ్ళండి. ఆ తలుపు కూడా వేసెయ్యండి."